పసుపు కుంకుమ, చేబదులు, పొత్తు: ఇంట్లో మగ్గం పెట్టేటప్పుడు అయినవాళ్ళ సాయాన్ని లెక్కలో రాసుకోవడం ఎలా

నాది మగ్గం పని, అంటే చట్రానికి బిగించిన బట్ట మీద సూదితో జరీ, పూసలు కుట్టే పని. దాని లెక్కల పుస్తకంలో ఎడమ పేజీ వ్యాపారానిది, కుడి పేజీ ఇంటివాళ్ళది. ఎవరి జాకెట్టుకు ఎంత జరీ పట్టింది, ఎంత అడ్వాన్సు తీసుకున్నాను, ఇంకా ఎంత రావాలి అనేవి ఎడమ పేజీలో ఉంటాయి. మా వారు ఆదివారం ఎన్ని గంటలు కూర్చుని డిజైను కాగితానికి చిల్లులు పొడిచారు, అత్తయ్య గారు ఎన్ని పూటలు పూసలు వేరు చేసి పెట్టారు, తమ్ముడికి ఇవ్వాల్సిన డబ్బులో ఎంత తీరింది అనేవి కుడి పేజీలో ఉంటాయి. పని మొదలుపెట్టిన మొదటి ఏడు నెలలు ఈ కుడి పేజీలో తమ్ముడి బాకీ తప్ప మరేమీ ఉండేది కాదు. ఇంటివాళ్ళ శ్రమకు లెక్కేమిటి, అది పరాయి మాట కాదా అనుకున్నాను. ఆ ఏడు నెలల్లో ధరలు తప్పుగా వేశాను, ఒక పెళ్ళి జాకెట్టు పాడైంది, మా వారితో రెండుసార్లు గట్టిగానే మాటపట్టింపు వచ్చింది. ఇంట్లో మగ్గం వర్క్ మొదలుపెట్టాలనుకుంటున్నవారికి, ముఖ్యంగా అయినవాళ్ళ ప్రోత్సాహం మీద ఆధారపడి దిగబోతున్నవారికి, ఆ కుడి పేజీని మొదటి రోజు నుంచే ఎలా రాసుకోవాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను. కుట్టు నేర్పడం దీని ఉద్దేశం కాదు. గొలుసు కుట్టు, లోడింగు, జర్దోసీ, కుందను వంటి మగ్గం కుట్లు చేతికి వచ్చి, నలుగురికి చూపించదగ్గ నాలుగు నమూనాలైనా కుట్టిన తరువాతే వ్యాపారం మాట ఎత్తడం మంచిది.

డబ్బు తీసుకునేటప్పుడే దానికి పేరు పెట్టండి

రాజమండ్రిలో మా ముందుగదిలో మగ్గం వేయాలని నిర్ణయించుకున్నప్పుడు నాకు 36 వేల రూపాయలు కావలసి వచ్చాయి. తమ్ముడిని అడిగితే వాడు వెంటనే సరేనన్నాడు కానీ, ఒక ప్రశ్న వేశాడు: "అక్కా, ఇది పసుపు కుంకుమ కింద ఇస్తున్నానా, చేబదులా? ఇప్పుడే చెప్పు, తరువాత నాకు గుర్తుండదు." ఆ క్షణంలో కాస్త మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు దొరికిన సాయాల్లో ఆ ప్రశ్నే అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది.

మన ఇళ్ళలో డబ్బు చేతులు మారే పద్ధతులకు పేర్లు ముందే ఉన్నాయి. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఇచ్చింది తిరిగి ఇవ్వాల్సినది కాదు. ఇస్తానన్నా వాళ్ళు నొచ్చుకుంటారు. చేబదులు వడ్డీ లేనిది, నమ్మకం మీద ఇచ్చేది, పది రోజుల్లోనో నెలలోనో తీర్చేయాల్సినది. అప్పుకు వడ్డీ, గడువు ఉంటాయి. పొత్తు అంటే లాభంలోనూ నష్టంలోనూ భాగం. గొడవలన్నీ ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకోకుండా తీసుకున్న డబ్బు దగ్గరే మొదలవుతాయి. ఇచ్చినవారు చేబదులు అనుకుంటారు, తీసుకున్నవారు ఏడాది తరువాత వీలు చూసి ఇవ్వవచ్చు అనుకుంటారు, మూడో మనిషి వచ్చి "పొత్తులో పెట్టావా?" అని అడుగుతాడు. అందువల్ల పెద్ద మొత్తాన్ని చేబదులుగా తీసుకోవద్దని నా సలహా. పది వేలు దాటితే, వడ్డీ లేకపోయినా సరే, దాన్ని అప్పుగానే రాసుకుని గడువు పెట్టుకోవాలి.

మేమిద్దరం అలాగే రాసుకున్నాం. వడ్డీ లేదు, మొదటి మూడు నెలలు ఏమీ కట్టనక్కర లేదు, నాలుగో నెల నుంచి నెలకు 2,000 చొప్పున 18 వాయిదాలు. ఇరవై వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది కాబట్టి, ఆ డబ్బు వాడి ఖాతా నుంచి నా ఖాతాకే వచ్చింది. ఆ ఖాతా కూడా వ్యాపారం కోసం విడిగా తెరిచిందే. ఇంటి సరుకుల డబ్బు, మగ్గం డబ్బు ఒకే ఖాతాలో ఉంటే, నెలాఖరుకు ఏది ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

మా అత్తయ్య గారు తన రెండు పేటల గొలుసు తాకట్టు పెట్టుకోమన్నారు. ఆవిడ పెద్ద మనసుకు దండం పెట్టాను కానీ, గొలుసు మాత్రం తీసుకోలేదు. మొదటి ఏడాది వ్యాపారానికి ఇంట్లో మరొకరి బంగారం కుదువ పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క సీజను తప్పిపోతే ఆ గొలుసు గుర్తుకు రాని పేరంటం ఉండదు. అలాగే వీధిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామనేవారు ఉంటారు. నెలకు రెండు రూపాయలే కదా అని వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, అది ఏడాదికి 24 శాతం. జాకెట్ల మీద వచ్చే మిగులులో మంచి వాటా ఆ వడ్డీకే పోతుంది.

ఆ 36 వేలు ఎలా ఖర్చయ్యాయో కూడా చెబుతాను, ఎందుకంటే డబ్బు అడిగేముందు ఇలాంటి చిట్టా ఒకటి చేతిలో ఉండాలి. కర్రల చట్రానికి, దాన్ని నిలబెట్టే స్టాండ్లకు 4,500, సూదులు, కత్తెరలు, ట్రేసింగు కాగితాలకు 500, మంచి దీపానికి 1,500 అయ్యాయి. జరీ, సిల్కు దారాలు, కట్‌దానా అనే గొట్టాల్లాంటి చిన్న పూసలు, కుందన్లు అనే మెరిసే రాళ్ళు, జర్దోసీకి 12,000 పెట్టాను. నమూనాలు కుట్టడానికి తాడితోట మార్కెట్లో రా సిల్కు ముక్కలు 6,000కు తెచ్చాను. మిగిలిన 11,500 ముట్టుకోకుండా ఉంచాను. పూసలు, కుందన్లు హైదరాబాదు బేగంబజారులో చవక అని అందరూ చెబుతారు, అది నిజమే. అయితే మొదటి విడతలోనే అక్కడికి వెళితే కళ్ళు చెదిరి, ఏడాదికి సరిపడా రంగులు కొనేస్తాం. ఏ రంగులు అడుగుతారో తెలిసే వరకు, కొంచెం ధర ఎక్కువైనా ఊళ్ళోనే కొద్ది కొద్దిగా కొనడం మేలు.

సాయం అడిగేటప్పుడు గంటల్లో అడగండి

"మీరంతా నాకు తోడుంటే చాలు" అనే మాట వినడానికి బాగుంటుంది, పనికి మాత్రం పనికిరాదు. తోడుండడం అంటే మా మామయ్య గారి దృష్టిలో అడ్డు చెప్పకపోవడం, మా వారి దృష్టిలో సామాన్లు తెచ్చిపెట్టడం, నా దృష్టిలో సాయంత్రం వంట నా మీద పడకపోవడం. ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకున్నాం, ముగ్గురమూ ఒకరినొకరు తప్పు పట్టుకున్నాం. ఒక్కొక్కరిని ఒక్కొక్క పని, రోజు, సమయం చెప్పి అడగడం మొదలుపెట్టాకే దారి దొరికింది.

మా వారికి పడిన పని డిజైను పొడవడం. మగ్గం పనిలో డిజైను నేరుగా బట్ట మీద గీయరు. ట్రేసింగు కాగితం మీద గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని దూదితో అద్దుకుంటూ రుద్దితే, చిల్లుల్లోంచి చుక్కలు దిగి బట్ట మీద గీత పడుతుంది. లేత రంగు బట్టకైతే తెలుపు కనిపించదు కాబట్టి నీలం పొడి కలుపుతాం. చిల్లులు దూరమైతే చుక్కలు కలవవు. కిరోసిన్ ఎక్కువైతే గీత అలుక్కుపోతుంది. మెడ, రెండు చేతులు కలిపి ఒక నిండు డిజైనుకు మూడు గంటలు పడుతుంది. ఆయన ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి. మొదటి ఆదివారం నెమలి తోక దగ్గర సూది జారి కాగితం చిరిగింది, రెండో ఆదివారానికి మడతపెట్టిన దుప్పటి కాగితం కింద వేసుకుంటే చిల్లు సాఫీగా పడుతుందని ఆయనే కనిపెట్టారు. ఇప్పుడు నా చిల్లుల కంటే ఆయనవే సమంగా ఉంటాయి. ఒప్పందం ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకే. పన్నెండు దాటితే క్రికెట్టు, అందులో నాకు జోక్యం లేదు.

అత్తయ్య గారికి మొదట ఈ పని అర్థం కాలేదు. మగ్గం అనగానే ఆవిడ ఉప్పాడ చీరలు నేసే మగ్గం అనుకుని, "ఇంత గదిలో గుంట ఎక్కడ తవ్విస్తావమ్మా?" అన్నారు. నాలుగు కర్రల మధ్య డప్పులా బిగించిన గుడ్డను చూశాక నవ్వి, పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. జర్దోసీ అంటే స్ప్రింగులా చుట్టిన సన్నని లోహపు తీగ. దాన్ని కుట్టేముందు గింజంత ముక్కలుగా కత్తిరించుకోవాలి. ఆ ముక్కలు ఒక్క కొలతలో లేకపోతే పువ్వు రేకులు ఎగుడుదిగుడుగా వస్తాయి. ముప్పై అయిదేళ్ళు బెండకాయలు తరిగిన ఆ చేయి ఒక్క ముక్కా తేడా రాకుండా కత్తిరిస్తుంది. కట్‌దానా, పూసలు, చమ్కీలు రంగుల వారీగా వేరు చేసి మూతల డబ్బాల్లో పోసి పెట్టడం కూడా ఆవిడే తీసుకున్నారు. మధ్యాహ్నం సీరియలు వచ్చే వేళలో కత్తిరించమని మాత్రం అడగను. ఆ గంటలో కత్తిరించిన ముక్కల సంగతి వేరు.

ఇక ఆవిడ శ్రమకు విలువ ఎలా కట్టాలి? డబ్బు ఇస్తే తీసుకోరు, ఇవ్వబోతే "నేనేమన్నా కూలిదాన్నా?" అంటారు. అందుకని ఆవిడ పని చేసిన గంటలు కుడి పేజీలో రాసి, గంటకు 60 చొప్పున లెక్కగట్టి, ఆ డబ్బును వేరే డబ్బాలో వేస్తూ వచ్చాను. కార్తీక మాసం వచ్చేసరికి అది ఆవిడకూ, తోడుగా వెళ్ళే వాళ్ళ చెల్లెలికీ ఆర్టీసీ వారి పంచారామాల బస్సు టిక్కెట్లకు, దారి ఖర్చులకు సరిపోయింది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూసి వచ్చి, "నా డబ్బుతో నేనే వెళ్ళొచ్చాను" అని వీధిలో చెప్పుకున్నారు. సాయం చేసినవారికి తిరిగి ఇవ్వడానికి నగదు ఒక్కటే మార్గం కాదు, అయితే లెక్క మాత్రం ముందు నగదులోనే కట్టాలి. లేకపోతే ఒక చీర పెట్టి ఏడాది శ్రమ తీరిందనుకుంటాం.

మామయ్య గారు మాత్రం మొదట ఒప్పుకోలేదు. "ముందుగది ఎన్నాళ్ళు?" అన్నదే ఆయన అభ్యంతరం. ఇలాంటి మాటను వ్యతిరేకత కింద కొట్టిపారేయకండి, అందులో నిజమైన ఇబ్బంది ఉంటుంది. ఆయన స్నేహితులు సాయంత్రం వచ్చి కూర్చునేది ఆ గదిలోనే. అందుకని విప్పి గోడకు ఆనించగలిగే చట్రమే తీసుకుని, సాయంత్రం అయిదున్నరకు దాన్ని పక్కకు పెడతానని మాట ఇచ్చాను. ఒకందుకు ఆ గడువు నాకే మంచిదైంది, ఎందుకంటే దీపం వెలుతురులో ఒకే రంగు దారాల్లో ఛాయలు కనిపెట్టలేక చాలామంది రాత్రిళ్ళు కుట్టినదాన్ని పొద్దున్నే విప్పుకుంటారు.

ఉచితంగా వచ్చిన శ్రమను ధరలోంచి తీసేయకండి

నేను చేసిన పెద్ద తప్పు ఇదే కాబట్టి దీని మీద కొంత నిలబడతాను. ఒక మధ్యరకం పెళ్ళి జాకెట్టు తీసుకుందాం. బట్ట ఖాతాదారు ఇచ్చినదే. దారాలు, పూసలు, కుందన్లకు 720 రూపాయలు అయ్యాయి. నేను కుట్టడానికి 26 గంటలు పట్టింది, గంటకు 80 చొప్పున 2,080. కరెంటు, సూదులు, పోగొట్టుకున్న పూసలు, రానుపోను ఖర్చులు కలిపి 200. మొత్తం 3,000 వస్తుంది. మొదటి నెలల్లో నేను ఇక్కడితో ఆగి, పైన కొంత వేసి 3,300 చెప్పేదాన్ని. ఊళ్ళో ఇతరుల కంటే తక్కువకు చేస్తున్నానని పేరు వచ్చింది, ఆర్డర్లూ వచ్చాయి.

ఆ ధరలో రెండు పనులు లేవు. మా వారి మూడు గంటల పొడుపు పని గంటకు 60 చొప్పున 180, అత్తయ్య గారి రెండు గంటలు 120. ఇవి కలిపితే అసలు ఖర్చే 3,300. అంటే నేను లాభం అనుకున్నది ఇంట్లో ఇద్దరి కూలి. దీని మీద 15 శాతం, అంటే 495 మిగులు వేస్తే 3,795 అవుతుంది, నేను చెప్పాల్సిన ధర 3,800. మాఘమాసంలో మా వారికి ఆఫీసులో ఆడిట్ వచ్చి మూడు ఆదివారాలు ఖాళీ దొరకనప్పుడు ఈ లెక్క బయటపడింది. పొడవడం బయట చేయించాను, ఆ కూలి చేతి నుంచి పడింది. అప్పటికే ధర ఒప్పుకున్న ఆరు జాకెట్ల మీద నాకు మిగిలింది ఏమీ లేదు. ఆ కోపం ఆయన మీద చూపించాను. ఆయన తప్పు ఏమీ లేదని నాకు తెలుసు, తప్పు నా ధర కాగితంలో ఉంది.

కాబట్టి ఇంటివాళ్ళు ఉచితంగా చేసే ప్రతి పనికీ బయట మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందో కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలో కలపండి. వారు డబ్బు తీసుకోకపోతే అది వారి డబ్బాలోనో, అవసరానికి దాచిన నిధిలోనో పడుతుంది. వారికి జ్వరం వచ్చినా, పరీక్షలు వచ్చినా, విసుగు వచ్చినా, ఆ డబ్బుతో వేరొకరి చేత చేయించుకోవచ్చు.

మొదటి ఖాతాదారులు చుట్టాలే

ఏ చేతిపనికైనా మొదట వచ్చేది మన వాళ్ళే. అది అదృష్టమే, చిక్కు కూడా. మా చిన్న ఆడపడుచు పెళ్ళికి జాకెట్టు నేను ఉచితంగా కుట్టాను. ఆనందంగా కుట్టాను, అందుకే కొలతల కాగితం రాయలేదు, కుట్టేవారి చేత గుర్తులు పెట్టించలేదు, పాత జాకెట్టు ఒకటి పక్కన పెట్టుకుని మెడ గీసేశాను. కత్తిరింపుకు ఇచ్చినచోట ఆమె కొత్త కొలతల ప్రకారం మెడ లోతు పెంచారు. వీపు మీద కుట్టిన కుందన్ల వరసలో దాదాపు అర అంగుళం కుట్టులోకి పోయింది, మిషను సూది కూడా రెండు చోట్ల కుందను మీద పడి విరిగింది. పెళ్ళికి నాలుగు రోజులే ఉంది. ఉచితంగా చేసిన పని కాబట్టి ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు, ఉచితంగా తీసుకున్నందుకే అనలేకపోయింది కూడా. ఫొటోలలో ఆమె జడ వెనక్కి వేసుకుని ఉండడం చూసినప్పుడల్లా నాకు కారణం గుర్తొస్తుంది.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి చెబుతాను. బట్టను ముందు జాకెట్టు కుట్టేవారి దగ్గరికి పంపి, కత్తిరించకుండా, మెడ, చంక, చేతి అంచు గీతలు వేయించుకుని తెప్పించుకుంటాను. కుట్టు గీతకు అర అంగుళం లోపలే పూసలు, కుందన్లు ఆపేస్తాను. ఆ అర అంగుళంలో ఏదైనా కావాలంటే దారంతో గొలుసు కుట్టు మాత్రమే వేస్తాను. కొలతల కాగితం మీద ఖాతాదారు సంతకం ఉంటుంది, మా అమ్మదైనా సరే. సంతకం అడిగినప్పుడు అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

చుట్టాల దగ్గర ధర విషయంలో నేను ఎంచుకున్న దారి చదివింపుల దారి. పెళ్ళిలో ఎలాగూ చదివిస్తాం కదా. చాలా దగ్గరివాళ్ళ పెళ్ళికూతురికి ఒక జాకెట్టు నా చదివింపు. దాని పూర్తి ధర కుడి పేజీలో చదివింపు అని రాసి, సామాను ఖర్చు వరకు ఇంటి ఖర్చుల్లోంచి మగ్గం ఖాతాలో వేస్తాను. మిగతా జాకెట్లకు, పెళ్ళికూతురి అమ్మ, పిన్ని, తోడికోడళ్ళ వాటికి పూర్తి ధర. తగ్గించాలనిపిస్తే బిల్లు మీద ముందు పూర్తి ధర రాసి, దాని కింద తగ్గింపు రాయాలి. తగ్గించిన ధర ఒక్కటే రాస్తే, అదే మీ ధర అని వారు తమ స్నేహితులకు చెబుతారు. "మన పిల్లే కదా" అని వాళ్ళు పంపిన పదిమంది అదే ధర అడుగుతారు. అడ్వాన్సు సగం, మిగతాది జాకెట్టు చేతికిచ్చేటప్పుడు. పెళ్ళి అయ్యాక వసూలు చేయడం బంధువుల దగ్గర దాదాపు అసాధ్యం, అడిగిన మనిషే చెడ్డదవుతుంది.

పంచాంగం చూసి పని పంచుకోవడం

పెళ్ళి జాకెట్ల పని ముహూర్తాల మీద నడుస్తుంది. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం తీరిక లేని నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, వీటికి తోడు మూఢం వస్తే ఇంకొన్ని వారాలు చేతులు ఖాళీ. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే పనిరద్దీ ఉండే వారాలను ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి, అందరికీ కనిపించేలా. మాఘంలో నేను వంటగదిలోకి వెళ్ళలేను అని అప్పటికప్పుడు చెబితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. పది నెలల ముందు గోడ మీద ఉంటే ఎవరి ఏర్పాట్లు వారు చేసుకుంటారు. మా ఇంట్లో ఆ నెలలో రాత్రి టిఫిను, పిల్లవాడి హోంవర్కు మా వారివి. బదులుగా ఆషాఢంలో పది రోజులు అసలు మగ్గం బిగించను.

ఆర్డరు పుస్తకంలో ఇచ్చే తేదీతో పాటు ముహూర్తం తేదీ కూడా రాయాలి. జాకెట్టు ముహూర్తానికి పది రోజుల ముందే కత్తిరింపుకు వెళ్ళిపోవాలి. ఒక మగ్గం, ఒక మనిషి ఉంటే, వారానికి రోజుకు అయిదు గంటల చొప్పున ఆరు రోజులు, అంటే 30 గంటలు. అది పైన చెప్పిన జాకెట్టు ఒకటికి, కొంత సవరణకు సరిపోతుంది. నెలకు నాలుగు. అయిదోది ఒప్పుకున్నారంటే అది ఇంట్లో ఎవరి నిద్రలోంచో వస్తుంది. శూన్యమాసాల్లో నమూనాలు కుట్టుకోవడం, ఫొటోలు తీసుకోవడం, మిగిలిన సామాను లెక్క చూసుకోవడం, జర్దోసీని నల్లబడకుండా నూలు గుడ్డలో చుట్టి పెట్టుకోవడం వంటివి చేసుకోవచ్చు.

కాగితాల పని

దీనికి భయపడాల్సినది లేదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు ఆధార్ నంబరుతో కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అవుతుంది. డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం లేదు. ఇంటివాళ్ళ డబ్బు సరిపోకపోతే ముద్ర పథకంలో శిశు రకం కింద 50 వేల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం అడగవచ్చు. డ్వాక్రా సంఘంలో ఉన్నవారికి సంఘం ద్వారా వచ్చే అప్పు, స్త్రీనిధి రుణం బయటి వడ్డీ కంటే ఎన్నో రెట్లు నయం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. జాకెట్లు కుట్టే పని కూడా మీరే చేస్తుంటే పరికరాలకు 15 వేలు, మొదటి విడతగా లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం వచ్చే వీలుంది. ఇందులో కుటుంబానికి ఒక్కరికే అవకాశం కాబట్టి ఎవరి పేరు మీద అడగాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ఆ కుటుంబం అర్హం కాదు. జీఎస్టీ విషయానికొస్తే, ఖాతాదారు బట్ట మీద చేసే పని సేవ కిందికి వస్తుంది, దానికి పరిమితి ఏడాదికి 20 లక్షలు. నెలకు నాలుగు జాకెట్ల దగ్గర అది చాలా దూరం. ఇతర రాష్ట్రాలకు అమ్మడం, పెద్ద వెబ్‌సైట్ల ద్వారా అమ్మడం మొదలుపెట్టేముందు మాత్రం ఒక అకౌంటెంటుతో మాట్లాడాలి.

ఏడాది చివర కుడి పేజీ తెరవడం

ఉగాది, బ్యాంకుల లెక్కల సంవత్సరం ఇంచుమించు ఒకేసారి వస్తాయి కాబట్టి, ఆ వారంలో ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి కుడి పేజీలు చదవడం మాకు అలవాటైంది. ఎవరెంత ఇచ్చారు, ఎన్ని గంటలు పనిచేశారు, వారికి ఎంత వెళ్ళింది, ఎంత మిగిలి ఉంది అనేవి చదివిన తరువాత ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతాను: వచ్చే ఏడాది ఇది కొనసాగించగలరా, తగ్గించుకుంటారా, మానేస్తారా? మానేస్తామనడానికి వారికి మొహమాటం లేకుండా ఉండాలంటే ఆ ప్రశ్న మనమే అడగాలి. మొదటి ఏడాది మా వారు ఆదివారాల్లో రెండే ఇస్తానన్నారు. మిగతా రెండు వారాల పొడుపు పని ఇప్పుడు పక్క వీధిలో చదువుకుంటున్న ఒక అమ్మాయి చేస్తోంది, గంటకు 60 చొప్పున తీసుకుంటుంది. ధరలో ఆ డబ్బు ముందే ఉంది కాబట్టి జాకెట్టు ధర పెంచాల్సిన పని రాలేదు.

అదే సాయంత్రం ఇంకో మాట కూడా తేల్చుకోవాలి, ఎంతకాలం చూద్దాం అన్నది. మేము రెండేళ్ళు అనుకున్నాం. రెండేళ్ళ తరువాత కూడా నాకు నెలకు చేతికి వచ్చేది నేను బయట ఒక దుకాణంలో ఇదే పని చేస్తే వచ్చే జీతం కంటే తక్కువగా ఉంటే, మగ్గం తీసేసి అక్కడ చేరడానికి నేను ఒప్పుకున్నాను. ఆ గడువు ఉండబట్టే మామయ్య గారు మళ్ళీ ముందుగది మాట ఎత్తలేదు.

తమ్ముడి 18వ వాయిదా రెండో ఉగాదికి ముందు, మార్చిలో వెళ్ళింది. వాడు ఆ రెండు వేలు తిరిగి నా ఖాతాలోకే వేసి, ఫోను చేసి, "ఇది మాత్రం పసుపు కుంకుమ, రాసుకో" అన్నాడు. కుడి పేజీలో వేరే వరసలో, వేరే పేరుతో రాశాను.